నల్లరాళ్ల మీద కాపరుల రాత

సిరియా దక్షిణాన మొదలై, జోర్డాన్ ఈశాన్య మూలను కప్పేసి, సౌదీ అరేబియా ఉత్తర భాగం దాకా ఒక నల్లటి ఎడారి ఉంది. ఎడారి అనగానే మనకు ఇసుక గుర్తొస్తుంది. ఇక్కడ ఇసుక తక్కువ, రాయి ఎక్కువ. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి, పగిలి, గుమ్మడికాయంత, కొబ్బరికాయంత గుండ్లుగా నేలంతా పరుచుకుంది. మొత్తం దాదాపు 40 వేల చదరపు కిలోమీటర్లు. అరబ్బులు ఇలాంటి నేలను హర్రా అంటారు. నడుద్దామంటే కాలు సరిగ్గా ఆనదు. చలికాలంలో నాలుగు వానలు పడ్డప్పుడు నీళ్లు పారే వాదీలు, అంటే ఎండు లోయలు, వాటిని పట్టుకునే మనుషులూ మందలూ తిరగాలి.

ఆ వాదీల ఒడ్డున, గుట్టల మీద, రాళ్ల కుప్పల్లో ఉన్న గుండ్ల మీద గీతలు కనిపిస్తాయి. ఏళ్లతరబడి ఎండకు కాగి రాయి పైన ఒక నల్లటి పొర ఏర్పడుతుంది. ఇంకో రాయి మొనతో గీకితే ఆ పొర లేచిపోయి, కింద నుంచి లేత రంగు బయటపడుతుంది. అంతకు మించి పనిముట్టేమీ అక్కర్లేదు. అలా గీసిన బొమ్మల్లో ఒంటెలు చాలా ఎక్కువ. కొన్ని గీతల్లో కాళ్లు, ఒక మూపురం, పైకి లేచిన తోక. దాని చుట్టూ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వంపు తిరుగుతూ, ఒక్కోసారి రాయి అంచు దాటి పక్క ముఖం మీదికి కూడా ఎక్కిపోతూ ఒక వరుస అక్షరాలు. చదివితే అర్థం ఇంతే: "ఫలానా వాడి కొడుకు ఫలానా వాడిది ఈ పడుచు ఆడ ఒంటె." ఒంటె తనదనా, బొమ్మ తనదనా అంటే, బొమ్మ గీసింది తనేనని సంతకం పెట్టాడన్నదే పండితుల మాట.

ఇక్కడ "ఫలానా" అని నేను వాడిన మాట ఉర్దూ మీదుగా మనకు చేరింది. దాని మూలం అరబ్బీలోని ఫులాన్. ఈ రాళ్ల మీది భాష ఆ అరబ్బీకి బాగా దగ్గరి చుట్టం. రాళ్ల మీద పదే పదే కనిపించే మరో మాట స-ల-మ. దేవతను క్షేమం అడిగే మాట అది. మనం రోజూ వినే సలాం ఆ కుటుంబానిదే.

ఈ రాతలను సఫాయిటిక్ అంటారు. డమాస్కస్‌కు ఆగ్నేయంగా ఉన్న సఫా అనే లావా ప్రాంతం పేరు మీద ఆ పేరు పెట్టారు. సఫాలో మాత్రం అలాంటి రాయి దొరకలేదు, అన్నీ దాని చుట్టుపక్కలవే. మొదట్లో పెట్టిన పేరు తప్పయినా అలాగే నిలిచిపోయింది. ఇప్పటిదాకా నమోదైనవి 30 వేలకు పైనే. వాటి కాలం సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 4వ శతాబ్దం దాకా అని సాధారణంగా చెబుతారు. మన దగ్గర శాతవాహనులు, ఆ తర్వాత ఇక్ష్వాకులు ఏలుతున్న రోజులన్నమాట.

శాసనం అంటే మనకు అలవాటైన అర్థం వేరు. రాజు ఇచ్చిన మాన్యం, గుడికి రాసిన భూమి, గెలిచిన యుద్ధం. తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పుకునే కలమళ్ల శాసనం రేనాటి చోళుల నాటిది, 575 ప్రాంతంలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు మోస్తున్నది. పైనుంచి ఒకడు చెప్తాడు, నేర్చినవాడు చెక్కుతాడు, కింద ఉన్నవాళ్లు వింటారు. హర్రాలోని రాళ్ల మీద రాజు ఆజ్ఞ లేదు, చెక్కడానికి కూలి పుచ్చుకున్న శిల్పి లేడు. రాసినవాడే తన గురించి తను రాసుకున్నాడు. రాసినవాళ్లు గొర్రెలూ మేకలూ ఒంటెలూ కాసుకునే సంచార కాపరులు. ఇలాంటి రాతను శాసనంలా చదవబోతే తప్పు దారి పట్టడం ఖాయం. అలా తప్పుదారి పట్టిన పెద్ద కథ ఒకటి, ఇక్కడికి నైరుతిగా సీనాయి ద్వీపకల్పంలో జరిగింది.

సీనాయిలో వాది ముకత్తబ్ అనే లోయ ఉంది. "రాతల లోయ" అని ఆ పేరుకు అర్థం. అక్కడి రాళ్ల మీది అక్షరాలను 6వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మాస్ ప్రస్తావించాడు. హిందూ మహాసముద్రంలో వ్యాపారానికి తిరిగినవాడు కాబట్టి ఆయనకు ఇండికోప్లూస్టెస్, అంటే ఇండియాకు ఓడలో వెళ్లినవాడు, అనే పేరు వచ్చింది. ఈజిప్టు నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు మోషే వెంట ఈ ఎడారిలో తిరుగుతూ వీటిని రాశారని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం వెయ్యేళ్లు దాటి బతికింది. 1753లో ఐర్లాండ్‌కు చెందిన బిషప్ రాబర్ట్ క్లేటన్, ఈ రాతలకు నకళ్లు తెప్పించేవారికి 500 పౌండ్లు ఇస్తానని ప్రకటించాడు. బైబిల్ కథకు రాతిమీద సాక్ష్యం దొరుకుతుందన్న ఆశ అది.

1840లో లైప్‌జిగ్‌లో ఎడ్వర్డ్ బేయర్ అనే పండితుడు యాత్రికులు తెచ్చిన నకళ్లు ముందు పెట్టుకుని ఆ అక్షరాలను చదివాడు. అవి నబాతియన్ లిపివని తేలింది. పెట్రా నగరాన్ని కట్టినవాళ్ల లిపి అది. అరామిక్ నుంచి పుట్టి, తర్వాత అరబ్బీ లిపికి దారి ఇచ్చింది. చదివాక బయటపడ్డది మోషే కథ కాదు. చాలా రాళ్ల మీద ఉన్నది రెండు ముక్కలే: "క్షేమం, ఫలానా వాడి కొడుకు ఫలానాకు." లేదంటే, "ఫలానా వాడు మంచిగా తలపుకు రావాలి." రాసిన కాలం ఎక్కువగా క్రీ.శ. 2, 3 శతాబ్దాలు. బేయర్ ఆ మరుసటి ఏడే చనిపోయాడు. పేదరికంలోనే పోయాడు. ఆయన చదివి చూపించాక కూడా 1851లో చార్లెస్ ఫోర్‌స్టర్ అనే మతాచార్యుడు ఇవి ఇశ్రాయేలీయుల రాతలేనని పుస్తకమే రాశాడు. మనసులో ముందే కథ సిద్ధమైపోతే కళ్లముందున్న అక్షరం కనిపించదు. క్షేమం కోరుకున్న ఒక మామూలు మనిషి పేరు వాళ్లకు చాల్లేదు.

హర్రా రాళ్ల విషయంలో అంత గొడవ లేదు గానీ, చదవడం మాత్రం అంతకంటే కష్టం. 1857లో సిరిల్ గ్రాహం అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఈ ప్రాంతంలోకి వెళ్లి రాతలను చూశాడు. ఆ తర్వాత ఇతరులు వందలకొద్దీ నకళ్లు తెచ్చారు. జోసెఫ్ హలేవీ కొన్ని అక్షరాలను పట్టుకున్నాడు, ఇంకొందరు ఇంకొన్నింటిని కలిపారు. 1901లో జర్మన్ పండితుడు ఎన్నో లిట్‌మాన్ మొత్తం 28 అక్షరాల లెక్క తేల్చాడు.

అక్షరాలు తెలిసినంత మాత్రాన చదివినట్టు కాదు. ఈ లిపిలో అచ్చులు రాయరు. మన భాషలో గుణింతాలన్నీ తీసేసి చూడండి. క-ల అని రెండే అక్షరాలు మిగిలితే అది కల కావచ్చు, కాలు కావచ్చు, కీలు, కూలి, కోల, ఏదైనా కావచ్చు. దానికి తోడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. కుడి నుంచి ఎడమకు రాయాలన్న నియమం లేదు. ఎడమ నుంచి కుడికి, కింది నుంచి పైకి, నత్తగుల్లలా చుట్టలు తిరుగుతూ, ఎటైనా రాయొచ్చు. రాసేవాడు రాయిని ఒడిలో పెట్టుకుని తిప్పుకుంటూ రాసి ఉంటాడు, మనమూ తిప్పుకుంటూ చదవాలి. నకలు తీసినవాడు ఒక గీత వదిలేస్తే, లేదా రాయి పగులును అక్షరమనుకుంటే, అర్థమే మారిపోతుంది.

మరి దారి ఎక్కడ దొరుకుతుంది? మొదట్లో వచ్చే "ల" దగ్గర. దాదాపు ప్రతి రాతా దానితోనే మొదలవుతుంది. దీని చేత, లేదా వీడిది, అని దాని అర్థం. తర్వాత పేరు, ఆ తర్వాత బ-న, అంటే కొడుకు, తర్వాత తండ్రి పేరు, మళ్లీ బ-న, తాత పేరు. కొందరు రెండు తరాలతో ఆపేస్తారు, కొందరు పది తరాలు దాటి వెళ్తారు. ఈ గొలుసును పట్టుకుంటే పేర్లెక్కడ ఆగాయో, అసలు మాట ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. వేల రాళ్లలో ఒకే రకం వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి, ఒక చోట తెలియనిది ఇంకో చోట తేటపడుతుంది.

అచ్చులకు మాత్రం వేరే సాయం కావాలి. 2015లో ప్రచురితమైన ఒక రాయి ఈ విషయంలో నాకు బాగా ఇష్టం. జోర్డాన్‌లోని వాది సల్మాలో దొరికింది. దాని మీద అక్షరాలు గ్రీకువి, మాటలు మాత్రం అరబ్బీవి. ఔస్ అనే మనిషి గురించిన రాత అది. శీతాకాలం గడపడానికి అక్కడికి రావడం, కానూన్ అనే చలికాలపు నెలలో పచ్చి మేత మేపుకోవడం అందులోని సంగతి. గ్రీకులో అచ్చులు రాస్తారు కాబట్టి ఆ కాలపు కాపరి నోట ఆ మాటలు ఎలా పలికేవో మొదటిసారి చెవికి తగిలినట్టు అవుతుంది. పచ్చి మేతను ఆయన "బక్ల" అన్నాడు. ఇప్పటి అరబ్బీ వాళ్లకు కూడా ఆ మాట తెలుసు. ఎవరో గ్రీకు అక్షరాలు నేర్చుకున్న కాపరి, తన మాటనే ఆ అక్షరాల్లో పెట్టి చూసుకున్నాడు. మన పిల్లలు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు మెసేజ్ కొట్టడం లాంటిదే.

పేర్ల తర్వాత ఏం రాశారంటే, చాలా వరకు పనీపాటా. గొర్రెలు మేపాడు. ఇక్కడ విడిది చేశాడు. నీళ్ల దగ్గరికి వెళ్లాడు. కావలి కాశాడు. రోమన్ల దగ్గర్నుంచి తప్పించుకున్నాడు. ఆ పైన ప్రార్థన: ఓ అల్లాత్ దేవతా, క్షేమం ఇవ్వు. రుదా దేవుణ్ని పిలిచినవాళ్లున్నారు, వాన దేవుడు బాల్‌షమీన్‌ను పిలిచినవాళ్లున్నారు. ఏ ఏడాదిలో రాశారో చెప్పడానికి అంకెలు వాడరు, ఆ ఏడు జరిగిన సంగతి చెప్తారు. నబాతియన్లతో యుద్ధం జరిగిన ఏడు, ఫలానా రాజు వచ్చిన ఏడు అని. కృష్ణా జిల్లాలో పెద్దవాళ్లు "ఉప్పెన వచ్చిన ఏడు" అంటే 1977 అని విన్నవాళ్లందరికీ తెలుస్తుంది. రెండువేల ఏళ్ల తర్వాత వినేవాడికి అది తెలియదు. అందుకే ఈ రాతల్లో చాలా వాటికి ఇదమిత్థంగా సంవత్సరం కట్టలేకపోతున్నారు. యూదులను ఏలిన హేరోదు వంశపు రాజు పేరో, రోమన్ల సంగతో తగిలినప్పుడు మాత్రం కాస్త పట్టు దొరుకుతుంది.

ఇంకో మాట తరచూ వస్తుంది: వ-గ-మ. దుఃఖపడ్డాడు అని. ఫలానా వాడి కోసం, తండ్రి కోసం, అన్నదమ్ముడి కోసం, మేనమామ కోసం. చనిపోయినవాడిని మృత్యువు, లేదా విధి, పడగొట్టిందని రాస్తారు. 1950ల మొదట్లో, జోర్డాన్ పురావస్తు శాఖకు అప్పట్లో డైరెక్టర్‌గా ఉన్న లాంకెస్టర్ హార్డింగ్ ఒక రాళ్ల కుప్పను తవ్వించాడు. చూడ్డానికి గుండ్లు పోసిన దిబ్బ, ఈ ఎడారిలో అలాంటివి ఎన్నో. దానిలో నుంచి రాతలున్న రాళ్లు ఒక్కొక్కటిగా బయటికి వస్తూనే ఉన్నాయి. అడుగున ఒక మనిషి సమాధి ఉంది. చాలా రాళ్ల మీద ఒకటే పేరు: హానీ. ఈ కుప్పను హానీ కోసం కట్టాను అని ఒకడు, హానీ కోసం దుఃఖపడ్డాను అని ఒకడు. వచ్చిన ప్రతివాడూ ఒక రాయి తీసుకుని, దాని మీద తన పేరు, తన తండ్రి పేరు రాసి, ఆ దుఃఖం మాట చేర్చి, కుప్ప మీద పెట్టి వెళ్లాడన్నమాట. మన దగ్గర పిడికెడు మట్టి వేస్తాం. వాళ్లు పేరు రాసిన రాయి వేశారు. ఒకే ఒక్క చావు చుట్టూ ఇంతమంది మామూలు మనుషులు, తమ చేతిరాతతో, తమ పేరుతో నిలబడ్డ చోటు పురాతన ప్రపంచంలో ఇంకెక్కడ ఉందో నాకు తట్టడం లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. గుడారాల్లో బతుకుతూ, కాగితం గానీ బడి గానీ లేని కాపరులకు రాయడం, చదవడం ఎలా వచ్చింది? వాళ్లకు దానితో అవసరమేముంది? ఇంటికి ఉత్తరం రాసే పని లేదు, రాయి మీద రాసి పంపలేరు కదా. లెక్కలు, ఒప్పందాలు, పాటలు, వంశావళి అన్నీ నోటి మీదే నడిచేవి. అక్షరాస్యత అంటే నాగరికత, నాగరికత అంటే ఊరు, ఊరంటే బడి అనే మన లెక్క ఇక్కడ పనిచేయదు.

దీనికి ఆక్స్‌ఫర్డ్ పండితుడు మైకేల్ మెక్‌డొనాల్డ్ ఇచ్చిన సమాధానం చాలా సూటిగా ఉంటుంది. పొద్దుపోవడానికి రాశారు, అంటాడాయన. మందను మేతకు వదిలి, రోజంతా ఒంటరిగా గుట్ట మీద కూర్చుని కావలి కాసేవాడికి చుట్టూ కనుచూపు మేర ఉన్నవి రాళ్లే. ఏ ఒయాసిస్సులోనో ఎవరి దగ్గరో అక్షరాలు చూసి నేర్చుకున్నాడు, తన తోటివాడికి నేర్పాడు, అలా గొలుసుగా సాగింది. దీనికి ఆయన చూపించే ఆధారాల్లో ఒకటి అక్షరమాలలు. కొన్ని రాళ్ల మీద అక్షరాలను వరుసగా రాసుకున్నారు. ఆ వరుస ఏ బడిలోనూ చెప్పే వరుస కాదు, ఆకారంలో పోలిక ఉన్న అక్షరాలను పక్కపక్కన పెట్టుకున్న వరుస. అ ఆ ఇ ఈ అని బట్టీపట్టినవాడు అలా రాయడు. సహారాలోని తువారెగ్ సంచారులు కూడా తమ తిఫినాగ్ అక్షరాలను బడి లేకుండానే, ఇళ్లలో, ఆటల్లో నేర్చుకుంటూ వచ్చారని ఆయన పోలిక చెప్తాడు.

గల్ఫ్ దేశాలకు పోయి ఎడారిలో గొర్రెలో ఒంటెలో కాసి వచ్చినవాళ్లు కరీంనగర్ వైపు, నిజామాబాద్ వైపు, కడప వైపు చాలా ఊళ్లలో ఉన్నారు. ఎండకన్నా, పనికన్నా, పలకరించే మనిషి లేకపోవడం ఎంత నరకమో వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆ ఒంటరితనం గురించి ఆలోచిస్తే, మెక్‌డొనాల్డ్ చెప్పిన "పొద్దుపోక" అన్న మాట చిన్న కారణంగా కనిపించదు నాకు.

అయితే దాంతో అంతా అయిపోలేదు. అహ్మద్ అల్-జల్లాద్ లాంటి ఈ తరం పండితులు ఇంకో సంగతి ఎత్తిచూపుతున్నారు. నిజంగా ఊరికే పొద్దుపోక గీకితే తలా ఒక రకంగా రాయాలి. ఇక్కడ వేల మంది ఒకే కట్టుబాటుతో రాశారు. పేరు, వంశం, చేసిన పని, ప్రార్థన, అదే వరుసలో, అవే మాటల్లో. మనసుకు తోచిన జోకులూ తిట్లూ పాటలూ పెద్దగా కనిపించవు. అంటే రాయడానికంటూ ఒక మర్యాద ఉంది, దేవుడు వింటాడన్న నమ్మకం ఉంది, తర్వాత ఇంకొకరు వచ్చి చదువుతారన్న లెక్క ఉంది. నాకు ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవిగా అనిపించవు. ముగ్గు పెట్టే ఆవిడకు అది పొద్దున చేసే పని, చేతికి ఆట, ఇంటికి శుభం కూడా. వాటిలో ఏదో ఒకటే ఎంచుకోమంటే ఆవిడ ఏం చెప్తుంది?

చదివేవాళ్లు ఉంటారని వాళ్లకు తెలుసు అనడానికి రాళ్లే సాక్ష్యం. ఒక కాపరి ఏళ్ల తర్వాత అదే వాదీకి మందను తోలుకొస్తాడు. అక్కడ తండ్రి రాసిన రాయి కనబడుతుంది. వెంటనే ఇంకో రాయి తీసుకుని రాస్తాడు: తండ్రి రాత కనిపించింది, దుఃఖపడ్డాడు. ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. స్నేహితుడి జాడ కనిపించిందని, చిన్నాన్న జాడ కనిపించిందని రాసినవి బోలెడు. తర్వాతి కాలపు అరబ్బీ కవులు ప్రియురాలు విడిచి వెళ్లిన గుడారం గుర్తులను చూసి ఏడవడంతో కవిత మొదలుపెట్టేవారు. ఆ సంప్రదాయానికి వెనక ఉన్న మామూలు బతుకు ఈ రాళ్ల మీద కనిపిస్తుంది. మందలు ఏటా అవే లోయలకు వస్తాయి కాబట్టి, రాసినవాడికి ఒక చిరునామా ఉన్నట్టే.

అందుకే ఆ రాతను ఎవరైనా చెరిపేస్తారేమోనన్న భయం కూడా ఉంది. చాలా రాతల చివర శాపం ఉంటుంది: ఈ రాతను పాడుచేసినవాడికి కళ్లు పోవాలి. ఇది చదివినప్పుడు నాకు మన దానశాసనాల చివరి శ్లోకం గుర్తొచ్చింది. తాను ఇచ్చిందైనా, పరులు ఇచ్చిందైనా భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడన్న ఆ "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం. అయితే మన శాపం కాపాడేది భూమిని. వాళ్ల శాపం కాపాడేది ఒక పేరును.

గుడి స్తంభాల మీద, కోట గోడల మీద జనం పేర్లు గీకేస్తుంటే మనం కోప్పడతాం. మరి వీటినెందుకు నెత్తిన పెట్టుకోవాలి అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లేపాక్షిలో స్తంభం మీద గీకినవాడు ఇంకొకరి పనిని పాడుచేస్తున్నాడు. హర్రాలో కాపరి గీకింది ఎవరి సొత్తూ కాని గుండు మీద. పైగా అతని గురించి చెప్పే కాగితం, ఇల్లు, బొమ్మ ఇంకేదీ మిగల్లేదు. రోమన్లు, గ్రీకులు ఈ సంచారుల గురించి రాసిన నాలుగు మాటలు బయటివాళ్ల మాటలు. వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది ఈ రాళ్ల మీదే ఉంది.

ఇప్పుడు ఆ రాళ్లకు ముప్పు వచ్చింది. బుల్డోజర్ దారి వేస్తే గుండ్లన్నీ పక్కకు పోతాయి. గోడ కట్టుకోవడానికి తీసుకుపోయేవాళ్లున్నారు, బొమ్మ బాగుందని ఎత్తుకుపోయి అమ్మేవాళ్లున్నారు. రాయి పోతే పోయేది రాయొక్కటే కాదు. "ఇక్కడ విడిది చేశాడు" అన్న మాటలో ఇక్కడ అంటే ఎక్కడ? ఆ గుట్ట మీద నుంచి చూస్తే ఏ లోయ కనిపిస్తుంది, నీళ్లు ఎంత దూరం, పక్కన ఎవరి రాయి ఉంది? మ్యూజియం అరలో పెట్టిన రాయికి ఆ సంగతులేవీ తెలియవు. అందుకే ఇప్పుడు పరిశోధకులు రాళ్లను కదపకుండా, ఒక్కోదాని ఉపగ్రహ స్థానం రాసుకుని, ఫొటోలు తీసి, ఓసియానా అనే డేటాబేస్‌లో పెడుతున్నారు. ఎవరైనా చూడొచ్చు. ఫొటో, అక్షరాలు, అర్థం అన్నీ ఉంటాయి.

అందులో కొన్ని రాతల దగ్గర నేను ఆగిపోయాను. చెరిపేవాడికి శాపం పెట్టిన కొందరు కాపరులు, ఆ పక్కనే చదివేవాడికి కూడా ఒక మాట రాశారు. ఈ రాతను పైకి చదివినవాడికి దండిగా కలిసిరావాలి, అని.